ఆగి వచ్చే బంతి

మోచేతి మీదికొచ్చే బంతంటే హైమకు మంట. కుడికి వస్తే ఫోర్‌హ్యాండ్, ఎడమకి వస్తే బ్యాక్‌హ్యాండ్, శరీరం తనంతట తనే తిరుగుతుంది. సరిగ్గా బ్యాట్ పట్టిన మోచేతి మీదికి వస్తే మాత్రం లోపల ఎవరో అటా ఇటా అని అడుగుతారు. జవాబు చెప్పేలోపు బంతి వెళ్ళిపోతుంది. తన కూతురి ఆటలో ఉన్న లోపమంతా ఆ ఒక్క ప్రశ్నేనని పట్టాభి అనేవాడు. ఆటలోనేనా అని హైమ ఎప్పుడూ తిరిగి అడగలేదు.

ఆ ఉదయం పెద్దమనిషి అదే బంతిని పట్టుబట్టి విసురుతోంది.

పెద్దమనిషి మనిషి కాదు. సత్యనారాయణపురంలో వాళ్ళ మేడ మీది రేకుల గదిలో, టేబుల్ టెన్నిస్ బల్లకి అవతలి కొసన, మనిషి నిలబడాల్సిన చోట నిలబడి ఉంటుంది. నడుమెత్తు ఇనప స్తంభం, దాని మీద బిందెంత తల, తలలో ఎదురెదురుగా తిరిగే రెండు రబ్బరు చక్రాలు. ఆ చక్రాల మధ్య నలిగి బంతి బయటికొస్తుంది. తలకు ముందువైపున్న గాజుకన్ను హైమ భుజాన్ని చూస్తూ ఉంటుంది. ఆమె మణికట్టుకి కట్టిన పట్టీ నాడి సంగతి దానికి చేరవేస్తుంది. బ్యాట్ పిడిలో అతికించిన పల్చటి పొర వేళ్ళు ఎంత బిగిశాయో చెబుతుంది. టేబుల్ చుట్టూ కట్టిన వల, కొట్టిన బంతుల్ని మళ్ళీ దాని కడుపులోకే దొర్లిస్తుంది. ఈ గదిలో వంగి బంతి తీసే పని ఎవరికీ లేదు.

బంతులు విసిరే యంత్రాలు లోకంలో కొత్తేమీ కాదు. పట్టాభి చేసింది వేరు. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన రెండు వేసవి సెలవులు ఖర్చుపెట్టి, ఆడేవాళ్ళని చదివే యంత్రాన్ని తయారుచేశాడు. దానికి ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే. "ఈ చేతిని బాగుచెయ్యి. ఎలా చేస్తావో నీ ఇష్టం." ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ రెండు వాక్యాలూ మురిసిపోతూ వినిపించేవాడు.

మొదటిరోజు దాన్ని చూసి పేరు పెట్టింది నజీమా. హైమతో బడి రోజుల నుంచీ కలిసి ఆడిన పిల్ల. "తిట్టదు, ఏడిపించదు, గెలిస్తే ఎగరదు. పెద్దమనిషేనే ఇది," అంది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆమె ఆ మేడ ఎక్కడం మానేసింది. పేరు మాత్రం మిగిలింది.

బంతి నెట్టు అంచుకి తగిలి ఇవతల చచ్చినట్టు పడింది. హైమ తల ఎత్తి చూసింది, అలవాటు కొద్దీ. ఈ ఆటలో ఒక మర్యాద ఉంది. బంతి నెట్టుకి తగిలో, బల్ల అంచుకి తగిలో అదృష్టం కొద్దీ పాయింటు వచ్చినవాళ్ళు చెయ్యెత్తుతారు. క్షమించమని. ఎంత పగవాళ్ళైనా ఎత్తుతారు. నజీమా అయితే చెయ్యితో పాటు కనుబొమలు కూడా ఎత్తి, "నా తప్పు కాదే, నెట్టుది" అనేది. పెద్దమనిషికి చెయ్యి లేదు.

తరవాతి బంతికి ముందు అది ఆగింది.

అలా అప్పుడప్పుడూ ఆగుతుంది. రెప్పపాటు కన్నా తక్కువ. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, బంతి రాదు. రావాల్సిన లయకి ముందుకు ఒరిగిన శరీరం ఖాళీలోకి తూలి, తనను తాను వెనక్కి లాక్కునే లోపు బంతి మోచేతి మీద ఉంటుంది. చేతిలో చెయ్యేసినట్టే వేసి లాగేసుకునే మనిషిలా. హైమ దాన్ని యంత్రంలో ఉన్న లోపమనే అనుకుంటూ వచ్చింది. మనసు కాస్త నిమ్మళంగా ఉన్న రోజునే ఆ లోపం ఎక్కువ కనిపిస్తుందని కూడా గమనించింది. గమనించి ఊరుకుంది.

"చేతికి నిద్దర మత్తు ఇంకా వదల్లేదమ్మడూ," అన్నాడు గోడ వార ప్లాస్టిక్ కుర్చీలో ఉన్న పట్టాభి, ఒళ్ళోని ట్యాబ్ మీంచి తలెత్తకుండా. "టిఫిన్ చేసి వద్దాం పద."

కింద వంటింట్లో హైమ తల్లి రత్నకుమారి పోస్టాఫీసులో ఉద్యోగానికి వెళ్ళే హడావుడిలో పెసరట్లు వేస్తోంది. ముగ్గురిదీ చిన్న బల్ల. పట్టాభి ఒక ముక్క తుంచాడు, అల్లప్పచ్చట్లో అద్దాడు, నోటి దాకా తెచ్చాడు. ఆగాడు.

"నజీమా ఆదివారం జట్టు సెలక్షన్‌కి వస్తోందట," అన్నాడు.

"రానీ."

"మోకాలికి కట్టు కట్టుకునే వస్తుందట. హైమని ఓడించడానికి రెండు కాళ్ళెందుకూ అందట."

"ఎవరితో అంది?"

"ఎవరితోనో. నాకు చెప్పినవాళ్ళు చెప్పారు."

"పొద్దున్నే ఆ పిల్ల ఊసెందుకండీ," అంది రత్నకుమారి పెనం దగ్గర్నుంచి. "దాన్ని రెండు మెతుకులు తిననివ్వండి."

కోపం వచ్చే ముందు హైమకు నోట్లో ఇనుము రుచి తగులుతుంది. తర్వాత చెవుల వెనక వేడి. ఆ తర్వాత ఒక విచిత్రమైన శుభ్రత. లోపల సందేహాలన్నీ ఎవరో చీపురుతో తుడిచేసినట్టు, తనకి ఏం కావాలో తనకి స్పష్టంగా తెలిసినట్టు. ఈ ఏడాదిలో ఆమె ఆ శుభ్రతకి అలవాటుపడిపోయింది. బస్సులో ఎవరి మోచెయ్యి తగిలినా, అమ్మ ఒకే మాట రెండుసార్లు అడిగినా, కూర చల్లారినా అది వచ్చేస్తోంది. చిన్నప్పుడు మెతక పిల్లని పేరు తెచ్చుకున్న తను ఇలా ఎప్పుడు తయారైందో ఆమెకే తెలియదు. వయసు అనుకుంది. పోటీ అనుకుంది. తన అసలు స్వభావం ఇదేనేమో, ఇన్నాళ్ళూ కప్పి ఉంచానేమో అనుకుంది.

సగం అట్టు వదిలేసి మేడ మెట్లెక్కింది.

ఆ తర్వాత ఆమె ఆడిన ఆట చూసి తీరవలసిందే. మోచేతి మీదికి వచ్చిన బంతుల్ని బ్యాక్‌హ్యాండ్‌తో కోసి అవతలి మూలకి పంపింది. అటా ఇటా అని అడిగేవాళ్ళు లోపల లేరు. బంతి కంటే ముందే చెయ్యి అక్కడ ఉంటోంది. ఒక్కో బంతిలో నజీమా మొహం కనిపించింది. రేకుల కింద వేడి ఆవిర్లు కక్కుతున్నా ఆమెకి చెమట తెలియలేదు.

"అద్గదీ," అన్నాడు పట్టాభి. ఆయన గొంతులో నిజమైన ఆనందం ఉంది. అది తన కోసమేనని హైమ అనుకుంది.

అప్పుడే, ఆట మంచి ఊపులో ఉండగా, ఆమెకి ఆ ఆగడం జ్ఞాపకం వచ్చింది. యంత్రం ఆగడం కాదు. నోటి దాకా వచ్చిన పెసరట్టు ముక్క ఆగడం. రెండూ ఒకే పొడవు. ఈ సంగతి ఆమె బుద్ధికి తెలియలేదు, మోకాళ్ళకి తెలిసింది. నాన్న ముక్క ఆపినప్పుడు కూడా తన ఒళ్ళు సరిగ్గా ఇలాగే ముందుకి ఒరిగింది.

వచ్చిన బంతిని కొట్టకుండా వదిలేసింది.

"ఏమైందే?" అన్నాడు పట్టాభి.

"ఏం లేదు. చాలు ఇవాల్టికి."

ఆ రోజంతా ఆమె గదిలో పడుకుని పైకప్పు చూస్తూ, ఏడాది కింద విన్న మాట దగ్గరికి వెనక్కి నడిచింది. అప్పుడూ నాన్న బల్ల దగ్గరే కూర్చున్నాడు. కాఫీ గ్లాసు పెదవుల దగ్గర ఆగింది. తర్వాత అన్నాడు, "నజీమా ఏదో అందట. ఆడేది హైమ కాదు, వాళ్ళ నాన్న అని." అంతే. ఆ మాట మేకులా దిగింది. నజీమా ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంటికొస్తే గదిలోంచి బయటికి రాలేదు. ఆ తర్వాత నజీమా మోకాలికి ఆపరేషన్ అయింది, నెలల తరబడి భవానీపురంలో మంచం మీద ఉంది. అమ్మ బత్తాయిలు పట్టుకుని వెళ్ళొచ్చింది. హైమ వెళ్ళలేదు. వెళ్ళనందుకు కూడా నజీమా మీదే కోపం వచ్చింది.

ఎవరైనా ఒక మనిషిని అంతకాలం ద్వేషించాలంటే లోపల బోలెడు సరుకు ఉండాలి. ఆ సరుకు తనదేనా? ఎక్కణ్ణుంచైనా వచ్చి పడిందా? పడుకున్నదల్లా లేచి కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆమె నవ్వు మొహంతో బల్ల దగ్గరికొచ్చింది. ఇడ్లీలు. అమ్మ చెప్పిన పోస్టాఫీసు కబుర్లకి కావాలని పగలబడి నవ్వింది. పట్టాభి పళ్ళెం పక్కన ట్యాబ్ ఉంది. ఆయన దాని వంక చూశాడు. ఇడ్లీ ముక్క గాల్లో ఆగింది.

"సెలక్షన్ కమిటీలో ఎవరో నీ బ్యాక్‌హ్యాండ్ చూసి ఈగలు తోలుతోందా అన్నారట."

"అననీ నాన్నా. వేసవి కదా, ఈగలు ఎక్కువే."

రత్నకుమారి కిసుక్కున నవ్వింది. పట్టాభి నవ్వలేదు. మళ్ళీ ట్యాబ్ చూశాడు. హైమ మణికట్టు మీది పట్టీ నిద్రలో కూడా ఉంటుంది. అది ఏం చెబుతోందో ఇప్పుడు ఆమె ఊహించుకోగలదు. నాడి నెమ్మదిగా ఉంది. ఇంకా గట్టిగా కావాలి. మేడ మీద పెద్దమనిషి కూడా ఇంతే. ఒక బంతికి చలించకపోతే తరవాతి బంతి ఇంకాస్త లోపలికి విసురుతుంది.

ఆయన ఆగాడు. హైమ ఆ ఆగడాన్ని లెక్కపెట్టకుండానే కొలిచింది.

"మీ అమ్మ కూడా అంటోంది. ఇంక ఈ ఆట చాలు, ఎక్కడ గెలుస్తుంది ఇది, ఒక అయ్య చేతిలో పెడదాం అని."

రత్నకుమారి గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆమె మొహంలో కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. "నేనెప్పుడన్నానండీ?"

కుక్కరు కూత వేసి ఊరుకుంది.

"నేను అననే లేదుగా," అంది రత్నకుమారి మళ్ళీ, ఈసారి కూతురితో. "ఒట్టు, ఆ మాట నా నోట్లోంచి రాలేదే."

"తెలుసమ్మా," అంది హైమ. "పైకి రా నాన్నా."

మేడ మీద ఎండ అప్పుడే రేకుల్ని కాల్చడం మొదలుపెట్టింది. హైమ బ్యాట్ తీసుకోలేదు. టేబుల్‌కి ఆనుకుని నిలబడింది. పట్టాభి తన కుర్చీ దాకా వెళ్ళి, చేతిలోని ట్యాబ్ అందులో పెట్టి, కూర్చోలేక, కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

ఆయన అబద్ధమాడే ప్రయత్నం చెయ్యలేదు. అదే ఆమెకి ఇంకా మంట పుట్టించింది. పాఠం చెప్పే గొంతుతో, కాస్త ఉత్సాహం కూడా ఆపుకోలేక చెప్పుకొచ్చాడు. "దాని తప్పేం లేదమ్మడూ. అది అన్నీ ప్రయత్నించింది. వేగం మార్చింది, స్పిన్ మార్చింది, విశ్రాంతి ఇచ్చి చూసింది. దేనికీ నీ చెయ్యి ముందుకి రాలేదు. ఒకరోజు నువ్వు మీ అమ్మతో పోట్లాడి పైకొచ్చావు చూడు, ఆ పూట నీ బ్యాక్‌హ్యాండ్ వేరే మనిషిది. అది పట్టుకుంది. నీకు కోపం ఉంటే సందేహం ఉండట్లేదని."

"అందుకని ఆగడం నేర్చుకుంది."

"ముందు అదే చేసింది. కొన్నాళ్ళు పనిచేసింది. తర్వాత నీకు అలవాటైపోయింది. చక్రాల మీద ఎంతకాలమని కోపం వస్తుంది మనిషికి?" ఆయన నుదురు తుడుచుకున్నాడు. "అప్పుడు నన్ను అడిగింది."

"ఏమని?"

"పైకి వచ్చే ముందే నీకు కాస్త కోపం ఉంటే బాగుంటుందని. ఏ రోజు, ఎంత అనేది అదే చెబుతుంది. మాట మాత్రం నాదే."

గుమ్మంలో చప్పుడైంది. రత్నకుమారి హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, చెప్పులు కూడా వేసుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఈ పిల్లకి ఇంత కోపం ఏ గాలి సోకి వచ్చిందో అని కొండ మెట్లన్నీ ఎక్కి దుర్గమ్మకి మొక్కుకున్నానండీ," అంది. "నేను పైన దింపమని మొక్కుతుంటే మీరు కింద కూర్చుని ఎగదోస్తున్నారన్నమాట."

"నీకు అర్థం కాదు రత్నం. పిల్ల రాష్ట్రంలో మొదటి వరసకొచ్చింది."

"వచ్చింది. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేకుండా పోయింది."

హైమ అమ్మ వంక చూడలేదు. ఆమెకి ఒక్కటే కావాలి. "నాన్నా. ఆడేది హైమ కాదు, వాళ్ళ నాన్న. ఆ మాట నజీమా అందా?"

పట్టాభి కుర్చీ వీపు మీద గోరుతో గీశాడు.

"అందా?"

"అనలేదు."

"మరి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నేనే అనుకున్న మాట." ఆయన గొంతు మొదటిసారి పాఠంలోంచి బయటపడింది. "ఒక రోజు నువ్వు ఆడుతుంటే చూస్తూ అనుకున్నాను. నీకు ఏది గుచ్చుకుంటుందా అని వెతుకుతుంటే అదే దొరికింది. నాకు గుచ్చుకుంది కదా, నీకూ గుచ్చుకుంటుందని."

ఇనుము రుచి. చెవుల వెనక వేడి. ఆ శుభ్రత ఆమె లోపల తలుపులన్నీ బార్లా తీసుకుంటూ వచ్చింది. ఇంత కోపం ఆమె జన్మలో ఎరగదు. ఈ ఒక్క కోపమైనా తనదేనని, దీన్ని ఎవరూ తయారుచేయలేదని అనుకోబోయింది. సరిగ్గా అప్పుడే పట్టాభి కళ్ళు కుర్చీలో ఉన్న ట్యాబ్ మీదికి జారాయి. ఒక్క క్షణం. పట్టీ ఇంకా ఆమె చేతికే ఉంది. తెర మీద గీత నిట్టనిలువుగా లేస్తోంది. ఆయన పెదవులు కాస్త తెరుచుకున్నాయి, మంచి బంతి చూసినప్పుడు తెరుచుకున్నట్టే.

హైమ పట్టీ విప్పింది. వెళ్ళి, తండ్రి కుడి మణికట్టు పట్టుకుని, చిన్నప్పుడు నజీమాతో రాఖీ కట్టే ఆట ఆడినంత మెల్లగా దాన్ని ఆయనకి కట్టింది. బ్యాట్ తీసి ఆయన చేతిలో పెట్టింది. కుర్చీలోని ట్యాబ్ తను తీసుకుంది.

"ఆడు."

"హైమా, నాకీ ఆట ఎప్పుడూ పట్టుబడలేదు."

"అది బాగుచేస్తుంది."

ఆయన టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఆయనకే తెలియదు. బ్యాట్‌ని విసనకర్రలా పట్టుకున్నాడు. పెద్దమనిషి కన్ను ఆయన భుజం మీదికి తిరిగింది. ట్యాబ్‌లోంచి మెత్తటి ఆడగొంతు పలికింది. "కొత్త ఆటగాడు. కుడిచేతి వాటమా?"

"అవును," అంది హైమ.

"లోపం ఎక్కడ?"

"చెప్పలేను. చాలా ఉన్నాయి."

"పరవాలేదు. చూసి తెలుసుకుంటాను. ఈ ఆటగాడికి ఎవరి మాట గుచ్చుకుంటుంది?"

ఆ ప్రశ్న గదిలో అందరికీ వినిపించింది. రత్నకుమారి హ్యాండ్‌బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుంది. పట్టాభి తల దించుకున్నాడు. చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి.

"నా గురించి అడిగినప్పుడు దీనికి ఎవరి పేరు చెప్పావు?"

"ముందు నా పేరే చెప్పాను. నా మాటకి నువ్వు కోపం తెచ్చుకునేదానివి కాదు. ఏడ్చేదానివి. ఏడిస్తే చెయ్యి ఆలస్యమవుతుంది." ఆయన మింగి మళ్ళీ అన్నాడు, "అందుకని మార్చాను."

హైమ దగ్గర మాట సిద్ధంగా ఉంది. నాన్న కాలేజీ టీములో ఎప్పుడూ అదనపు ఆటగాడే, బెంచీ మీద కూర్చుని తువ్వాళ్ళు అందించినవాడే. ఆ సంగతి ఆయన ఒకే ఒక్కసారి, ఆమె మొదటి కప్పు గెలిచిన సాయంత్రం, నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు కింద ఏముందో ఆమెకి ఆనాడే తెలిసింది. ఆ సంగతి మీద పెట్టే ఒక్క వాక్యం చాలు. అది ఎంత లోతుకి దిగుతుందో, ఈ మనిషి ఎన్నేళ్ళు దాన్ని మోస్తాడో ఆమెకి కొలతలతో సహా తెలుసు. నోరు తెరిచింది.

తెరిచి, ఆగింది.

ఆ ఆగడం ఎంత పొడవుందో ఆమె ఒళ్ళు గుర్తుపట్టింది. యంత్రం దగ్గర నేర్చుకున్నది బ్యాక్‌హ్యాండ్ ఒక్కటే కాదన్నమాట.

"చెప్పు అమ్మడూ," అన్నాడు పట్టాభి, టేబుల్ వైపే చూస్తూ. "నీ పేరు చెప్పు. పడతాను."

ఆమె ట్యాబ్‌ని టేబుల్ మధ్య నెట్టుకి ఆనించి పెట్టింది. ఇంకో బ్యాట్ ఉన్న తన సంచి తీసుకుంది. అమ్మ పక్కనుంచి గుమ్మం దాటింది.

"ఎక్కడికే?" అంది రత్నకుమారి.

"భవానీపురం."

వెనక, జవాబు రాని ప్రశ్న ముందు, పెద్దమనిషి చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. బంతి రాలేదు.

నజీమా ఇంట్లో లేదు. మున్సిపల్ హాల్లో ఉందని వాళ్ళమ్మ తలుపు సగమే తెరిచి చెప్పింది, లోపలికి రమ్మనలేదు.

ఆ హాల్లో రంగు పోయిన రెండు టేబుళ్ళుంటాయి. ఒకదాని దగ్గర నజీమా ఒక్కతే సర్వీసులు కొట్టుకుంటోంది. పక్కనున్న స్టూలు మీద నీలం రంగు ప్లాస్టిక్ బేసిన్ నిండా బంతులు. ఒకటి తియ్యడం, ఎగరెయ్యడం, కొట్టడం, మళ్ళీ ఒకటి. అవతల తిప్పి కొట్టేవాళ్ళు లేక బంతులు హాలంతా దొర్లిపోతున్నాయి. బేసిన్ ఖాళీ అయితే కుంటుకుంటూ వెళ్ళి ఏరుకోవాలి. మోకాలికి నల్లటి కట్టు ఉంది.

హైమను చూసి ఆమె సర్వీసు ఆపలేదు.

హైమ మొదటినుంచి చెప్పింది. యంత్రం, పట్టీ, పెసరట్టు ముక్క, అన్నీ. చెబుతున్నంతసేపూ బంతులు పడుతూనే ఉన్నాయి. అంతా అయ్యాక నజీమా బేసిన్లో చెయ్యి పెట్టి ఊరికే కలియబెట్టింది.

"నేను అనాలనుకుంటే నీ మొహం మీదే అనేదాన్ని."

"తెలుసే."

"ఇవాళ తెలుసు. పోనీలే. మీ నాన్న అబద్ధం చెప్పాడు. నమ్మమని ఎవరు చెప్పారు నీకు?"

హైమ భుజం మీది సంచి కింద పెట్టింది. "ఆ మాట నాకు నేను రోజూ అనుకుంటున్నదే. నీ పేరు మీద వినపడేసరికి నమ్మేశాను. నా మీద కోపం తెచ్చుకోవడం కన్నా నీ మీద తెచ్చుకోవడం తేలిక."

"అది నీ గోల." నజీమా గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది. "నేను గోడకేసి చూస్తూ పడుకున్నా. బాత్రూముకి మా అమ్మ మోసుకెళ్ళేది. తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వేమో అనుకునేదాన్ని. ఆంటీ వచ్చింది బత్తాయిలు పట్టుకుని. దానికి జలుబు చేసిందమ్మా, తగ్గాక వస్తుంది అని చెప్పింది పాపం. ఎన్నాళ్ళే నీ జలుబు?"

హైమ ఆ మోకాలి కట్టు వంక చూసింది.

"ఆ యంత్రం నీ కోపం తెప్పించిందంటున్నావు, ఒప్పుకుంటా. నీ కాళ్ళు కూడా అదే కట్టేసిందా?"

"లేదు."

"మరి?"

"లేదు," అంది హైమ మళ్ళీ. అంతకు మించి నిజం లేదు.

నజీమా బేసిన్ ఉన్న స్టూలుని పక్కకి నెట్టింది. "బ్యాట్ తెచ్చావుగా. రా."

ఆడారు. పట్టీ లేని మణికట్టు తేలిగ్గా, కొత్త గాయం మీది చర్మంలా ఉంది. నజీమా సర్వీసుకి ముందు ఆగలేదు. ఆమె బంతిలో లయ అంటూ ఏదీ లేదు. ఒకటి తొందరగా, ఒకటి బద్ధకంగా, ఒకటి మోకాలి నొప్పితో వంకరగా. మనిషి ఇలా ఆడుతుందని హైమ మర్చిపోయింది. మోచేతి మీదికి వచ్చింది. అటా, ఇటా అని లోపల పాత గొంతు అడిగింది. బంతి వెళ్ళిపోయింది. వెళ్ళి వెనక గోడకి కొట్టుకుంది. వల లేదు. హైమ నడిచి వెళ్ళి, వంగి, తీసుకొచ్చింది. మళ్ళీ మోచేతి మీదికి. మళ్ళీ వంగింది.

కోపం వచ్చింది. ఈసారి ఇనుము రుచి లేదు, శుభ్రత లేదు. బురదలా, అడుగు కనపడకుండా ఉంది. నజీమా మీద కాదు. నాన్న మీద కూడా సగమే. మంచం మీద పడుకుని తలుపు వంక చూస్తున్న మనిషి కళ్ళ ముందు కదలకుండా ఉంది. ఈ కోపంతో చెయ్యి ముందుకి రావడం లేదు, ఇంకా బరువెక్కుతోంది. దీనితో ఏ సెలక్షనూ గెలవడం కుదరదు. ఆదివారం ఈ చేత్తోనే వెళ్ళాలి. పెద్దమనిషి చూస్తే ఇది పనికిరాదని పక్కన పడేసేది.

నజీమా పాయింట్ల మీద పాయింట్లు గెలుచుకుంటోంది. గెలుస్తూ కూడా పళ్ళు బిగించే ఉంది.

ఒక బంతిని హైమ సందేహంతోనే తాకింది. ఫోర్‌హ్యాండూ కాదు, బ్యాక్‌హ్యాండూ కాదు. అది తడబడుతూ వెళ్ళి నెట్టు అంచు మీద పడి, ఒక్క క్షణం అక్కడే తూగి, అవతలికి జారి చచ్చినట్టు పడింది. నజీమా కట్టుకట్టిన కాలితో ముందుకి ఉరికింది, అందలేదు. టేబుల్ అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

పాయింటు హైమది.

హైమ తరవాతి బంతి కోసం వంగి సిద్ధంగా నిలబడింది. బంతి రాలేదు. నజీమా దాన్ని అరచేతిలో పెట్టుకుని తన వంకే చూస్తోంది. ఎందుకు చూస్తోందో హైమకి వెంటనే తట్టలేదు. రేకుల గదిలో ఎన్నిసార్లు నెట్టుకి తగిలినా ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని రాలేదు.

"అది కూడా మర్చిపోయావా?" అంది నజీమా.

అప్పుడు హైమ చెయ్యెత్తింది. భుజం దాకా ఎత్తితే చాలు, ఆటలో మర్యాద అంతే. ఆమె ఇంకా పైకెత్తింది. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చేతిలో బ్యాట్ ఉంది, అందుకని తుడుచుకోలేదు.

నజీమా సర్వీసు చెయ్యలేదు. బంతిని వేళ్ళతో మూసి, ఆ ఎత్తిన చేతిని చూస్తూ నిలబడింది. దించమని అనలేదు.